చెరువు షెడ్డులో రౌటర్

“షెడ్డులో ఎవడో లైటేశాడని ఫోన్లో కెమెరా చూపిస్తుంటే వెళ్లొద్దంటావేంటి బిందూ? రొయ్యలెత్తుకుపోతే నువ్వు తెస్తావా?” భరత్ అప్పటికే బండి తాళం తీశాడు.

“అది పాత బొమ్మండీ. ఉరుములొస్తున్నాయని షెడ్డులో రౌటర్ సాయంత్రం నేనే పీకి తెచ్చాను. అది లేనిదే కెమెరా కొత్త బొమ్మ పంపలేదు,” అంటూ హిమబిందు బల్ల మీదున్న రౌటర్ని చూపించింది.

“ఇంజనీరమ్మ చెప్పాక ఇంకేముంది!” అని లోపలి నుంచి అత్తగారు దెప్పింది.

హిమబిందు నవ్వుకుంది. బంటుమిల్లిలో కూర్చుని ఎక్కడెక్కడి ఆఫీసుల రౌటర్లనో చక్కదిద్దే మనిషి. లాప్‌టాప్ తెరిచి, షెడ్డు రౌటర్‌ని ఉన్నావా అని అడిగే పింగ్ కమాండు కొట్టింది.

“చూడండి, జవాబు రాదు.”

వచ్చింది. ఆగకుండా, నిలకడగా వస్తూనే ఉంది.

ఇంకేదో రౌటర్ పలుకుతోందనుకుని, ఏ రెండు రౌటర్లకూ ఒకటే ఉండని మ్యాక్ నంబరుని తెర మీదకు తెప్పించింది. బల్ల మీది రౌటర్ని తిరగేసి, అడుగున అంటించిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చింది. తేడా లేదు. ఏ వైరూ లేని ఆ రౌటర్ చేతికి చల్లగా తగిలింది. బయట కప్పల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆమె భరత్ చేతిలోంచి తాళం తీసుకుంది.

“అత్తయ్యా, పిల్లల్ని తీసుకుని మీరూ హాల్లోకి రండి,” అంది మెల్లగా. “ఈ రాత్రి మనింట్లోంచి ఎవరూ చెరువు మీదకి వెళ్లట్లేదు.”