పైనుంచి వచ్చే చెయ్యి

"చెయ్యి పైనుంచి పెట్టొద్దు."

గుమ్మంలోంచి వచ్చిన ఆ మాటకి అంజలి ఉలిక్కిపడింది. బోనులో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

లోపల బొద్దుగా కుందేలు పిల్లల్లా ఉండే గినీపిగ్గులు రెండూ అట్టపెట్టెలోకి దూరి, ఒకదాని కింద ఒకటి దాక్కున్నాయి.

గుమ్మంలో నలభై ఏళ్ల మనిషి నిలబడి ఉంది. పక్క గదిలో కొత్తగా దిగినామె.

"పైనుంచి చెయ్యొస్తే దెబ్బే అనుకుంటాయి. కింద ఆనించి ఊరికే ఉంచు. అవే వస్తాయి."

"నువ్వు పెంచినావా వీటిని?"

"లేదు. ఇవేందో గూడా తెలీదు నాకు. గిద్దలూరు నుంచి తెచ్చుకున్నావా?"

అంజలి లేచి నిలబడింది. ఈ మార్కాపురంలో ఇంటావిడ జమీలాబీకి తప్ప ఆమె ఎవరికీ గిద్దలూరు మాట చెప్పలేదు.

"ఆయన పంపినాడా నిన్ను?"

ఆమె గడప దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పంపింటే పోయి చెప్పు, చచ్చినా రానని!"

అంజలి ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.

గిద్దలూరులో భర్త హరిబాబు ఇంట్లోంచి వచ్చేసిన రోజు అంజలి నగలు తీసుకోలేదు. ఆ బోను చేత్తో పట్టుకుని బస్సెక్కింది.

గినీపిగ్గుల్ని కొన్నది అతనే. చుట్టాలొస్తే మెడ పట్టుకుని గాల్లోకి ఎత్తేవాడు. అవి కీచుమంటే పగలబడి నవ్వేవాడు. వద్దన్నందుకు అంజలికి చెంపదెబ్బలు.

ఇక్కడ ఆమె పలకల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పనిలో చేరింది. సాయంత్రం రాగానే బోను ముందు కూర్చునేది. ఆమె నీడ పడితే చాలు, అవి పెట్టెలోకి పారిపోయేవి.

"నేను ఆయన్ని కాదే" అని బతిమాలేది.

ఆ సాయంత్రం చెయ్యి బోను అడుగున ఆనించి, కదలకుండా కూర్చుంది. అవి బయటికి రాలేదు. కానీ వణకడం మానేశాయి.

మర్నాడు పక్క గదామె మళ్లీ వచ్చింది. లోపలికి రాకుండా గడప అవతలే కూర్చుంది.

"నువ్వు వేసుకుని విడిచిన చున్నీ ఒకటి లోపల పరుచు. నీ వాసన అలవాటు పడనీ."

"నిన్ను అడిగినానా?"

"అడగలేదు" అని లేచి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక అంజలి చున్నీ పరిచింది.

అప్పటినుంచి సాయంత్రమయ్యేసరికి గడప మీద ఆమె పెట్టిన కొత్తిమీర కట్ట ఉండేది. అంజలి తీసుకునేది గానీ పలకరించేది కాదు. పేరైనా అడగలేదు. గూఢచారితో మాటలేమిటి?

కొత్తిమీర చప్పుడు వింటే చాలు, గినీపిగ్గులు 'వీక్ వీక్' మని అరవడం మొదలుపెట్టాయి. ఒకరోజు గోధుమరంగుది ముక్కు ఆడిస్తూ వచ్చి అంజలి వేళ్లు వాసన చూసింది. ఇంకోరోజు ఒళ్లోకెక్కి కూర్చుని కొత్తిమీర నమిలింది.

అంజలి పైకే నవ్వేసింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఒళ్లోకొచ్చిందే!" అంది గడప అవతల నుంచి ఆమె, తనకే ఏదో దొరికినట్టు.

అంజలి నవ్వు ఆపేసింది. లోపలికి రమ్మనలేదు.

ఆదివారం పొద్దున్నే వీధిలో కారాగింది. హరిబాబు దిగాడు.

"బోను ఎత్తు. అవి నేను కొన్నవి. నువ్వు గూడా కారెక్కు."

"ఎక్కను."

"ఏందీ?"

"ఎక్కనంటున్నా. వీటినీ ఇయ్యను."

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. హరిబాబు చెయ్యెత్తాడు.

అంజలి తల దానంతటదే వంగిపోయింది. కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు.

కళ్లు తెరిస్తే అతను తనవైపు చూడటంలేదు. పక్క గది గుమ్మంవైపు చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వా... నువ్వు ఈడెందుకుండావు?"

"నీకోసమే" అంది పక్క గదామె. మెట్టు దిగి వచ్చి అంజలి పక్కన నిలబడింది. "ఎత్తిన చెయ్యి అట్లనే ఉంచినావేం? కొట్టు. బజారంతా చూస్తా ఉంది. కొట్టినాక నేనెవరో చెప్తా వీళ్లకి."

హరిబాబు చెయ్యి దిగిపోయింది.

అంజలి మెల్లగా తలెత్తింది. అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"పో. మళ్లీ ఈ వీధిలో కనపడినావంటే నేనే పోలీసు స్టేషన్‌కి పోతా. భయపడేది అయిపోయింది."

కారు వెనక్కి తిరిగింది.

"ఆయన నిన్ను చూసి ఎందుకట్ల బెదిరినాడు?" అడిగింది అంజలి.

"నన్ను చూసి కాదులేమ్మా. నువ్వు తలెత్తినావు గదా, అందుకు."

అంతే చెప్పి తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు అంజలి టీ పెట్టి, రెండు గ్లాసులతో పక్క గదికి వెళ్లింది. ఈసారి లోపలికి పిలవాలనీ, గోధుమరంగుదాన్ని ఆమె ఒళ్లో పెట్టాలనీ అనుకుంది.

గది ఖాళీగా ఉంది. జమీలాబీ ఊడుస్తోంది.

"పొద్దున్నే బస్సెక్కిపోయింది బేటీ. నీకు ధైర్యమొచ్చిందంట, ఇంక తనతో పనిలేదంట."

"ఎవరామె? నాకోసం ఎందుకొచ్చింది?"

జమీలాబీ చీపురు ఆపింది.

"నువ్వు ఈడ దిగినావని తెలిసి, వాడు వెతుక్కుంటూ వస్తాడని, నీ పక్క గదే కావాలని పట్టుబట్టింది. నీకేం చెప్పలేదా?"

"లేదు."

"నీకంటే ముందు ఒకామెను చేసుకున్నాడు గదా వాడు. ఆమె ఏమైందని చెప్పినాడు మీవాళ్లకి?"

"జ్వరమొచ్చి చచ్చిపోయిందని."

"యాడ చచ్చిపోయింది బేటీ, నిన్నటిదాకా నీ పక్క గదిలోనే ఉన్నింది."