పచ్చ లైటు

వరద నీళ్లు మా వంటింటి గట్టు దాకా వచ్చిన ఏడు అది. మేడ మీదకూ నెట్ అందాలని మా వాడు రెండో రౌటర్ కొన్నాడు. వాడు కింద మొదటిదాని దగ్గర కూర్చుని ఏవేవో నొక్కుతున్నాడు. పైనున్న దాని లైటు చూసి చెప్పడం నా పని.

“పచ్చ లైటు వచ్చిందా నాన్నా?” కింది నుంచి కేకేశాడు.

“ఎర్రదేరా.”

“రెండూ కలవాలి. అలిగిన తోడికోడళ్లలా మొహాలు తిప్పుకుంటున్నాయి!”

కోడలు నవ్వలేదు. పాపను భుజాన వేసుకుని నా పక్కకొచ్చింది.

“మామయ్యా, అవి కలిస్తే నాకిక ఊపిరాడదు. పైన నెట్ రాదనబట్టే సాయంత్రమైనా ఆఫీసువాళ్లు నన్ను వదులుతున్నారు.”

“వాడితో అనలేదా?”

“అన్నాను. నీకు మెట్లెక్కి దిగే బాధ తప్పిస్తున్నా కదా అంటారు.”

అంతలో లైటు పచ్చగా వెలిగింది. కోడలు కళ్లు మూసుకుంది.

“ఇప్పుడో, నాన్నా?”

“ఎర్రగానే ఉందిరా.”

“దిక్కుమాలిన డబ్బా! రేపు మార్పించేస్తా.”

మర్నాడు పొద్దున్నే నేనే దాన్ని కొట్టుకు తీసుకెళ్లి తిరిగిచ్చాను. ఇంకోటి ఇమ్మంటారా అని కొట్టతను అడిగాడు.

వద్దన్నాను.