చెర్‌స్కీ కొండల్లో లేని ఊరు

అది 2012 నవంబర్. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఐదు దాటగానే చీకటి పడిపోయింది. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి అందరూ వెళ్లిపోగా మ్యాపుల కంపెనీలో ఫణి ఒక్కడే మిగిలాడు.

తమ మ్యాపుని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి, అక్కడక్కడా లేని ఊళ్లు గీసి పెట్టడం ఆ కంపెనీ పద్ధతి. సైబీరియాలోని చెర్‌స్కీ పర్వతాల్లో, నిర్మానుష్యమైన ఒక లోయలో, ఫణి ఎండాకాలంలో అలాంటి ఊరొకటి గీశాడు. చివరి ఇల్లు గీస్తుంటే చెయ్యి జారి గోడ వంకరపోయింది. చూడ్డానికి బాగాలేదని పోయిన నెల ఆ ఒక్క ఇల్లూ చెరిపేశాడు.

టీమ్ లీడ్ గీతాంజలి ఫోన్ చేసింది.

"ఫణీ, ఆ ఫేక్ ఊరు పాతబడింది. రేపటి రిలీజ్‌కి ముందే డిలీట్ చేసెయ్."

"ఇప్పుడే చేస్తానండి."

లోయ తాలూకు కొత్త శాటిలైట్ ఫోటో వచ్చి ఉంది. ఫోన్ పెట్టకుండానే తెరిచాడు. మంచులో ఇళ్ల కప్పులు కనిపించాయి. అతను గీసిన చోటే, గీసిన వరసలోనే ఉన్నాయి. పొగ లేస్తోంది. వరస చివర మాత్రం ఇల్లు లేదు. మంచు పట్టని నల్లటి నేల ఉంది, ఒక పక్క వంకరగా. దాని చుట్టూ మనుషుల నీడలు గుమిగూడి ఉన్నాయి.

హీటర్ చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది.

"గీతగారూ, ఇక్కడ మనుషులున్నారండి."



"నీకిదే మొదటిదా," అంది నెమ్మదిగా. "జూమ్ చెయ్యకు ఫణీ. కళ్లు మూసుకుని నొక్కెయ్. నేనూ ప్రతిసారీ అలాగే చేస్తాను."