కదలకూడదని రాయండి

“పది రోజులు మంచం దిగకూడదని రాయండి డాక్టరు గారూ. మీరు చేయాల్సింది అంతే,” అన్నాడు విదేశాంగశాఖ ఆఫీసరు.

సర్జన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎవరు, ఆ ఏడో గదిలో ఆయనా? పొద్దున్నే రెండు గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు లాగించి, కాఫీలో పంచదార తక్కువైందని మా సిస్టర్ మీద కేకలేశాడండీ. ఆయన మంచం దిగకూడదా?”

పక్కన చార్టు పట్టుకుని నిలబడ్డ హెడ్‌నర్సుకు ఆ కేకలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఏడో గదిలో ఉన్నది పొరుగుదేశం అధ్యక్షుడు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చాడు. ఆపరేషనైన మర్నాడే అంతర్జాతీయ కోర్టు ఆయన మీద అరెస్టు వారెంటు ఇచ్చింది. సొంత జనాన్ని బజార్లో కాల్పించిన నేరానికి. బతుకుదెరువు కోసం ఆ దేశం వెళ్లి, ఆ బజార్లో బేకరీలో పనిచేస్తున్న హెడ్‌నర్సు తమ్ముడు చేతిలో రొట్టెల బుట్టతోనే పోయాడు. అయినా నాలుగు రోజులుగా ఆమె పళ్లు బిగబట్టుకుని ఆ మనిషికి కట్లు మారుస్తూనే ఉంది.

వారెంటు వార్త వచ్చినప్పటి నుంచీ ఆసుపత్రంతా ఇదే గోల. “ఆ కోర్టుకు కట్టుబడతామని సంతకం పెట్టాం కదా, పట్టుకుని తీరాల్సిందే,” అంటాడు ఎక్స్‌రే తీసే ఆయన. “ఇవాళ వాళ్ల పెద్దాయన్ని మనం పట్టుకుంటే, రేపు మన పెద్దాయన పంటినొప్పికి కూడా సరిహద్దు దాటలేడు,” అంటాడు మందుల కౌంటరాయన. ప్రభుత్వం మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఇప్పుడు తీరిగ్గా ఈ ఆఫీసర్ని పంపింది.

ఆయన ఎందుకొచ్చాడో హెడ్‌నర్సుకు ఇట్టే అర్థమైంది. మంచాన ఉన్న రోగి మీద పోలీసులు చెయ్యి వెయ్యరు. గొడవ చల్లారేదాకా పెద్దమనిషిని ఆసుపత్రి దుప్పటి కింద దాచేద్దామని చూస్తున్నారు.

“పోనీ, అయిదు రోజులు,” అన్నాడు ఆఫీసరు.

“ఇదేమన్నా కూరగాయల బేరమా?”

“రేపు మధ్యాహ్నం దాకానైనా...” అంటూ ఆఫీసరు బల్ల కింద డాక్టరు కాలు తొక్కాడు.

సర్జన్ ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. “ఏమిటండీ ఈ దౌర్జన్యం?”

ఆఫీసరు మొహం ఎర్రబడింది. పక్క కుర్చీలో కూర్చున్న అధ్యక్షుడి కార్యదర్శి వైపు ఓ చూపు చూసి, గొంతు సవరించుకున్నాడు. కార్యదర్శి ఏమీ ఎరగనట్టు టై సర్దుకున్నాడు.

“డాక్టరు గారూ, ఇంతకంటే విప్పి చెప్పలేను. పైవాళ్ల మాట. మీ ఆసుపత్రికి రేపు ఎన్నో అవసరాలుంటాయి.”

సర్జన్ నుదురు రుద్దుకున్నాడు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, మెత్తటి మనిషి. ఇంకో రెండు మాటలంటే ఒప్పుకునేట్టున్నాడు. “రేపటిదాకానే అంటున్నారుగా. ఏం సిస్టర్, కుట్ల దగ్గర కాస్త ఎరుపుగా ఉందని...”

ఇప్పుడు ఊరుకుంటే జన్మలో తమ్ముడి ఫోటో వైపు చూడలేననుకుంది హెడ్‌నర్సు. చార్టు తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టింది.

“ఎరుపూ లేదు, గిరుపూ లేదు సార్. జ్వరం లేదు. బీపీ నార్మల్. నిన్న సాయంత్రం వరండాలో రెండు చుట్లు తిరిగారు. అన్నీ నా చేత్తో రాసినవే. మీరు ఇంకోలా రాస్తే నా రాత అబద్ధమవుతుంది. రేపెవరైనా అడిగితే నేను ఉన్నదే చెప్తాను.”

సర్జన్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తమ్ముడి సంగతి ఆయనకు తెలుసు. సిగ్గుపడ్డవాడిలా కళ్లజోడు పెట్టుకుని పెన్ను తీశాడు. ‘పూర్తిగా కోలుకున్నారు. నేడే ఇంటికి పంపవచ్చు’ అని రాసి, కింద కాగితం చిరిగేలా సంతకం గీకాడు.

“మా ఆసుపత్రికి రేపు అవసరాలుంటే అప్పుడే చూసుకుందాం లెండి,” అన్నాడు ఆఫీసరుతో.

కార్యదర్శి చటుక్కున లేచి ఆ కాగితం రెండు చేతులా అందుకుని బయటికి నడిచాడు. ఆఫీసరు వెళ్లి వరండా బల్ల మీద కూలబడ్డాడు.

అరగంటలో అధ్యక్షుడు సూటు తొడుక్కుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి కారెక్కాడు. హెడ్‌నర్సు వరండా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. గేటు దగ్గర రెండు పోలీసు జీపులున్నాయి. ఆమెకు కళ్లు తడయ్యాయి. ఇంకాసేపట్లో అమ్మకు ఫోన్ చేసి చెప్పొచ్చు, వాణ్ని పట్టుకున్నారమ్మా అని. పట్టించింది నేనేనని కూడా చెప్పాలి.

కారు గేటు దాటింది. జీపులు కదిలాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. సైరన్ మోగిస్తూ, అడ్డమొచ్చిన ఆటోల్ని పక్కకు తప్పిస్తూ, కూడలి దగ్గర విమానాశ్రయం రోడ్డెక్కాయి.

“అదేంటండీ!” హెడ్‌నర్సు గిరుక్కున వెనక్కి తిరిగింది. “మంచం దిగాడుగా, పట్టుకోరేం?”

ఆఫీసరు తలెత్తలేదు.

“ఆ వారెంటు మీద మన జడ్జిగారు సంతకం పెట్టేది రేపు పొద్దున పదింటికి సిస్టర్. డాక్టరు కాగితం లేనిదే పైలటు ఆయన్ని విమానం ఎక్కించుకోనన్నాడని, అప్పటిదాకా ఆ మంచం మీదే ఆపి పట్టుకుందామని వచ్చాను.”