సాయంత్రం వేసే చుక్క

కింది రెప్పని వేలితో లాగి పట్టుకుని, చిటికెన వేలంత ప్లాస్టిక్ మందు గొట్టాన్ని తన కంటి మీదికి వంచింది.

చుక్క పడగానే కారం చల్లినట్టు మండింది. రోజూ ఉండే మంటే.

ముందు గదిలో భర్త శవం ఉంది. పొద్దున రిపేరుకి కరెంటు స్తంభం ఎక్కిన మనిషిని మధ్యాహ్నం తాడు కట్టి దించారు.

ఆఖరిసారి తొడగాల్సిన చొక్కా ఇస్త్రీ చేద్దామని ఆమె లోపలి గదిలోకి వచ్చింది. ఏళ్ల తరబడి లాండ్రీలో ఆమె పని అదే. ఆ చొక్కా మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదు.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టాక, మందు వేళయిందని గుర్తొచ్చింది. ఒక్క పూట తప్పినా ఆయన ఊరుకునేవాడు కాదు.

కంటి డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే కన్నీటి గ్రంథుల మీద పడి కొడుతున్నాయమ్మా. అందుకే నీళ్లు ఊరట్లేదు. ఈ చుక్కలు ఆ కొట్లాటని అణుస్తాయి. నెలలు పడుతుంది. మధ్యలో మానేస్తే చూపుకే ఎసరు."

ఆ నెలలు ఇంకా గడవలేదు.

ఏడుపు ఛాతీలో ఉంది, గొంతులో ఉంది. కళ్ల దాకా వచ్చేసరికి ఇసుకైపోతోంది. ఆయన కోసం ఒక్క చుక్క రాల్చలేకపోతున్నానే అని ఆమెకి తన మొహం తనే రక్కుకోవాలనిపించింది.

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. ఏ చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో పూస గుచ్చినట్టు చెప్పగల మనిషి.

"అన్నయ్యా, ఇలా రా! మధ్యాహ్నం నుంచి కన్ను తడవలేదనుకున్నామా, ఇప్పుడు సీసాలోంచి పోసుకుంటోంది మహాతల్లి!"

"మందు వదినా..."

"నాటకానికి మందు!"

భర్త అన్న వచ్చాడు. అడగలేదు, వినలేదు. జుట్టు పట్టుకుని ఆమె తలని గోడకేసి కొట్టాడు.

"వాడు మాడి మసైపోతే నువ్వు దొంగేడుపులు ఏడుస్తావా?"

రెండో దెబ్బకి పెదవి చిట్లింది. నోరంతా ఉప్పగా అయింది. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

అది చూసి అతనికి పిచ్చెక్కింది. "ఇంత కొడుతున్నా బొట్టు రాదు. ఇది మనిషేనా?"

కడుపులో తన్నాడు. మందు గొట్టాలన్నీ నేల మీద పోసి మడమతో నలిపాడు.

మంచం పక్క నుంచి ఆమె కూతురు లేచింది.

"పెదనాన్నా, అది అమ్మ మందు! రోజూ నాన్నే వేసేవాడు!"

"దీని దగ్గర పెరిగితే నువ్వూ ఇలాగే రాయివైపోతావు. పద మా ఇంటికి. ఇక నీ మొహం దీనికి చూపించను."

పిల్ల మంచం కోడు పట్టుకుంది. అతను ఒక్కో వేలూ పట్టి ఊడదీశాడు. ఒక వేలు వెనక్కి విరిగింది. పిల్ల కేక పెట్టింది.

ఆ కేకకి ఆమె లేచింది.

ఇస్త్రీ పెట్టె ఇంకా వేడి మీదే ఉంది. ప్లగ్గు ఊడి వచ్చేలా లాగి, దాని అంచుతో అతని మణికట్టు మీద బలమంతా పెట్టి కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. మళ్లీ కొట్టింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆమెకి జాలి కలగలేదు, హాయిగా అనిపించింది.

పిల్లని వదిలేసి అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు.

ఆడపడుచు నోరు తెరిచింది.

"కేకెయ్యి వదినా. మరదలి చేతిలో దెబ్బలు తిన్నాడని అందరూ వినేలా కేకెయ్యి."

ఆ నోరు మూతపడింది. అతను విరిగిన చేతిని పొట్టకి అదుముకుని, పళ్లు బిగించి, చెల్లెలి భుజం పట్టుకుని బయటికి నడిచాడు.

ఆమె గడియ వేసింది. పిల్లని ఒళ్లోకి లాక్కుని, వాచిన వేలిని అరచేతిలో పెట్టుకుంది.

తలుపు అవతల ఎవరో పెద్దాయన ఓదారుస్తున్నాడు.

"ఊరుకో నాయనా, ఊరుకో. చూడండి, కళ్లెలా ధారలు కడుతున్నాయో. తమ్ముడంటే ప్రాణం వీడికి."