చదివిపెట్టు పెద్దమ్మ

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, తమ్ముడు, మోకాలి వైద్యం కోసం వచ్చిన పెద్దమ్మ ఉన్నారు.

చిన్ని కూడా ఉంది. కాకపోతే బయట గడియ పెట్టిన గదిలో ఉంది.

చదువుకోవడానికి తనకంటూ ఒక చోటు కావాలని అడిగింది తనే. నాన్న సంబరపడిపోయాడు. సామాన్ల గది ఖాళీ చేయించాడు. బల్లను గోడవైపు తిప్పి వేశాడు. కొత్త దీపం పెట్టాడు. వీధి కనబడితే మనసు చెదురుతుందని కిటికీకి అట్ట కొట్టాడు. ‘విజయం నీదే’ అని రాసి కళ్లెదురుగా అంటించాడు.

అన్నీ అయ్యాక తలుపుకు బయటివైపు గడియ బిగించాడు.

“గడియెందుకు నాన్నా?”

“నీ మంచికేనమ్మా. పరీక్ష అయిపోగానే పీకేస్తాను.”

“అక్కా, గాలి పొట్లం కట్టి పంపనా?” అన్నాడు తమ్ముడు, తలుపు కింద సందులోంచి.

చిన్నికి నవ్వు రాలేదు. పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివేది.

దానికి తోడు ఈ పెద్దమ్మ. అమ్మకు దూరపు చుట్టం. అంతకుముందు చిన్ని ఆవిడను చూసి ఎరగదు.

“మరిదీ, ఈ మాత్ర పొద్దున వేసుకోవాలో, రాత్రి వేసుకోవాలో! చిన్నిని పిలువు, చదివిపెడుతుంది.”

“ఇలా ఇవ్వండి వదినగారూ, నేను చదువుతాను.”

“నువ్వు చదివితే రైలు పోయినట్టుంటుంది నాయనా. పిల్ల చెబితేనే నా బుర్రకెక్కుతుంది.”

నాన్న పళ్లు నూరుకుంటూ గడియ తీసేవాడు.

మాత్రతో ఊరుకునేదా? “మోకాలు పట్టేసింది, పెరట్లో నాలుగడుగులు వేయించు తల్లీ” అంటూ చిన్ని చేయి పట్టుకునేది. కాసేపటికి నూనె సీసా మీద రాత. ఆ తర్వాత సబ్బు పెట్టె మీద రాత.

తమ్ముడు ‘చదివిపెట్టు పెద్దమ్మ’ అని పేరు పెట్టేశాడు.

ఇంత వయసొచ్చినా అక్షరం ముక్క రాదేమిటని చిన్ని లోలోపల విసుక్కునేది.

ఆ రోజే నమూనా పరీక్ష మార్కులు వచ్చాయి. బాగా తగ్గాయి.

“ఇంత చేసిపెట్టానే! ఎందుకు తగ్గాయి?” నాన్న గుమ్మంలో నిలబడి అడిగాడు.

ఆ గడియ తీసెయ్యి నాన్నా అందామనుకుంది.

“పెద్దమ్మ మాటిమాటికీ పిలుస్తోంది” అనేసింది.

సాయంత్రానికి పెద్దమ్మ సంచి ముందుగదిలోకి వచ్చింది.

“మోకాలు నయమైనట్టేగా వదినగారూ” అన్నాడు నాన్న.

సాగనంపడానికి గదిలోంచి వచ్చిన చిన్ని వైపు పెద్దమ్మ చూసింది. ఆ చూపులో కోపం లేదు.

“సరే మరిదీ. ఆ కిటికీ అట్ట ఒక్కటైనా తీసెయ్.”

నాన్న సంచి ఆటోలో పెట్టి వచ్చాడు.

ఆటో సందు మలుపు తిరిగింది. చిన్నికి ఎందుకో జాలేసింది.

“అమ్మా, బస్సు మీద ఊరి పేరు ఎవరు చదివిపెడతారే ఆవిడకు?”

అమ్మ గొంతు తగ్గించింది.

“చదివిపెట్టడమేమిటే పిచ్చిదానా! బళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి. మీ నాన్న దగ్గర అననని నాతో ఒట్టు వేయించుకుంది.”

“మరి నాతో ఎందుకు...?”

“గడియ తీయండీ అని నేనెన్నిసార్లు అడిగానో, విన్నారా? మాత్రల వంక పెట్టి అక్కే తీయించింది.”

చిన్ని వీధి వైపు పరిగెత్తబోయింది. నాన్న చేయి భుజం మీద పడింది.

“కబుర్లు చాలు. పద, ఇక నిన్ను పిలిచేవాళ్లెవరూ లేరు. హాయిగా చదువుకో” అని లోపలికి పంపి, నాన్న తలుపు వేశాడు.