పదిహేను నిమిషాల నీళ్లు

"ఆగు! కారాపు!" మాస్కు కిందికి లాగి మరీ స్వర్ణలత గొంతు చించుకుంది.

వింటేగా! గంభీరావుపేట రోడ్డు మీద డ్రమ్ముల వ్యాను బోల్తా పడి అరగంటయింది. డ్రైవరు పత్తా లేడు. డ్రమ్ముల మీద పుర్రె బొమ్మ, రోడ్డంతా తెల్లటి చిక్కటి ద్రవం. లోపల ఏముందో తేలేదాకా ప్రాణం తీసేదే అనుకోవాలి, ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు. ఫైర్ ఆఫీసరుగా ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది. అందుకే గాలికి వీపు పెట్టి నిలబడి, ఎర్ర రిబ్బను కట్టించి, బస్సులు దిగిన జనాన్ని వంద గజాల అవతలే ఆపింది. ఆ కారు మాత్రం రిబ్బను తెంపుకుని దూసుకొచ్చి, తెల్లటి మడుగులో సర్రున జారి ఆగింది.

అందులోంచి దిగిన పెద్దమనిషి రెండడుగులేసి దభీమని వెల్లకిలా పడ్డాడు.

"అమ్మో! మండుతున్నదే! సచ్చిపోతున్ననే!"

స్వర్ణలత రబ్బరు సూటుతో వెళ్లి, రెక్క పట్టి ఇవతలికి లాగింది. లాగి, మొహం చూసి, ఒక్క క్షణం ఆగింది.

మహిపాల్ సేటు! సిరిసిల్లలో నలభై మరమగ్గాల యజమాని. ఆ సాంచాల మీద ఇరవై ఏళ్లు బట్ట నేసిన ఆమె తండ్రి నర్సయ్యను దొంగ అన్నాడు. షెడ్డులో అందరి ముందూ లుంగీ ఊడదీయించి వెతికించాడు. పోయిందన్న బట్ట మర్నాడు సేటు గోదాములోనే దొరికింది. నర్సయ్య మాత్రం నాలుగు నెలలుగా గడప దాటలేదు. స్వర్ణలతకు ఒళ్లు కుతకుతా ఉడికింది. ఇవాళ వీణ్ని వదలకూడదు అనుకుంది.

"బట్టలిప్పుండ్రి," అంది.

"ఏందీ?"

"బట్టలకు పట్టింది. ఒంటి మీద ఉంచుకుంటే తోలు ఊడుతది."

"గింత మంది ముంగటనా? లగ్గానికి పోతున్న బిడ్డా! ఆడోళ్లు సూస్తున్నరు!"

"పానం గావాల్నా, ఇజ్జత్ గావాల్నా?"

పట్టు లాల్చీ పోయింది. పంచె పోయింది. చెడ్డీ దగ్గర ఆయన రెండు చేతులూ జోడించాడు.

"గిదొక్కటన్న ఉండనియ్యి తల్లీ. నీ కాళ్లు మొక్కుత!"

"రూల్ రూలే సేటూ. నూలుపోగు గూడ ఉండొద్దు." వెనక్కి తిరిగి కేకేసింది. "నీళ్లు కొట్టు, లతీఫ్ భాయ్! పదిహేను నిమిషాలు. ఒక్క నిమిషం గూడ తక్కువ గావద్దు!"

లతీఫుద్దీన్ పైపు తిప్పాడు. నీటి దెబ్బకు మహిపాల్ రోడ్డు మీద గిరగిరా తిరిగాడు. ముందు మూసుకుంటే వెనక, వెనక మూసుకుంటే ముందు. రిబ్బను అవతల సెల్‌ఫోన్లన్నీ లేచాయి.

"ఓర్నీ, గీయన మా సేటే గదా!" ఎవరో అరిచారు. జనం పగలబడి నవ్వారు. స్వర్ణలత గడియారం చూసుకుంటూ నిలబడింది. కసి తీరా చూసింది.

అంతా అయ్యాక, తువ్వాల చుట్టుకుని వణుకుతూ మహిపాల్ ఆమె ముందు వంగి దండం పెట్టాడు.

"నా పానం నిలబెట్టినవ్ బిడ్డా. ఎవరింటి పిల్లవో గని..."

"నర్సయ్య బిడ్డను."

వంగిన మనిషి మళ్లీ తలెత్తలేదు.

ఆమె పక్కకు వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. "నాయినా, మహిపాల్ సేటును నడిరోడ్డు మీద బట్టలిప్పిచ్చి కడిగిపిచ్చిన. అందరు సూసిండ్రు."

అవతల నర్సయ్య కంగారుపడ్డాడు.

"అయ్యో, ఆయన మీద ఏం పడ్డది బిడ్డా? యాసిడా?"

"పాత యాసిడ్ డ్రమ్ములల్ల పోసిన గంజి నాయినా, నూలుకు పెట్టేది. ఆయనను పట్టుకోంగనే నాకు వాసన ఎరుకైంది, గని గన్ని సాంచాలున్న సేటుకే ఎరుక లేదు!"